గ్రీజు పెట్టలేక గోదారి బురద

ప్రభుత్వ ఫైళ్లలో నదికి నోరు లేదు. ఆ ధైర్యంతోనే ఒక వాక్యం తరతరాలుగా బతికేస్తోంది: “నీటిలో ఒండ్రు అధికంగా ఉన్నందున పంపు బేరింగులు పాడైనవి. కావున కొత్త యూనిట్ మంజూరు కోరడమైనది.” రాసే గుమాస్తా మారతాడు, సంతకం పెట్టే అధికారి మారతాడు, పైనున్న పార్టీ మారుతుంది, వాక్యం మాత్రం చెక్కుచెదరదు. బేరింగులు అరిగిపోతాయి గానీ ఈ వాక్యం అరగదు. దానికి ఏ గ్రీజు రాస్తున్నారో తెలియదు గానీ, అందులో సగం యంత్రానికి పెట్టినా నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

ఒండ్రు లాంటి ముద్దాయి దొరకడం కష్టం. లాయర్ని పెట్టుకోదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టదు. ఓటు లేదు, కులసంఘం లేదు, ప్రెస్‌మీట్ పెట్టే అలవాటు అసలే లేదు. ఘటనా స్థలంలో ఎప్పుడు చూసినా హాజరుగానే ఉంటుంది. ఇన్ని సుగుణాలున్న నిందితుణ్ణి వదిలేసి, గ్రీజు డబ్బా ఉన్న గది తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతికే తీరిక ఏ విచారణాధికారికి ఉంటుంది?

అయితే అల్లవరం మండలంలో నిలబడి ఒండ్రును తిట్టాలంటే కాస్త గుండె కావాలి. గౌతమి, వశిష్ఠ పాయల మధ్యనున్న ఈ కోనసీమ అంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రే. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ బోడసకుర్రు పక్కగా దిగి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసేదాకా చేసే పని కూడా అదే. మండలంలో వరిచేను ఒండ్రు మీద ఉంది. కొబ్బరితోట ఒండ్రు మీద ఉంది. రొయ్యల చెరువు ఒండ్రు తవ్వి కట్టారు. ఒండ్రు మీద నేరం రాసే ఆఫీసు పునాదీ ఒండ్రులోనే దిగింది. అద్దెకు దిగినవాడు ఇంటిగలాయన్ని ఆక్రమణదారు అన్నట్టుంది వ్యవహారం.

పోనీ, ఒండ్రు చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడిందా? ఆషాఢం దాటేసరికి ఎర్రనీరు దిగుతుందని లంకల్లో చంటిపిల్లలకీ తెలుసు. పశువుల్ని ఎప్పుడు ఏటిగట్టు ఎక్కించాలో, పడవ ఎప్పుడు బాగు చేయించుకోవాలో ప్రతి ఇంటికీ ఒక లెక్కుంది. ఏటా వచ్చే ఎర్రనీటిని చూసి ఏటా కొత్తగా ఉలిక్కిపడేది ఆఫీసు ఒక్కటే.

ఇప్పుడు ఒక మాట అనుకుందాం. రేపు మన మండలానికి వరద సహాయం కోసమని ఒక జెట్ బోటు వచ్చింది. ఇంకా రాలేదు. అయినా దాని జాతకం ఇవాళే రాసేయవచ్చు. అంతకు ముందొచ్చిన యంత్రాల జాతకాలు చూసినవాళ్లం కనుక గ్రహాలతో పని లేదు, టెండరు కాగితం చాలు.

జెట్ బోటు కావాలన్న ఆలోచన మంచిదే. మామూలు ఇంజన్ పడవకి కింద ఫ్యాను వేలాడుతుంది. వైనతేయలో ఇసుక మేటకి తగిలితే దాని రెక్క వంగుతుంది. వలతాడు చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. వరద నీళ్లలో ఈదుతున్న మనిషి దగ్గరికి వెళితే కాపాడ్డానికొచ్చిన పడవే కాళ్లు తెగ్గోస్తుంది. జెట్ బోటుకి కింద వేలాడేదేమీ ఉండదు. అడుగునున్న జాలీలోంచి నీటిని లోపలికి లాక్కుని, ఇంపెల్లర్‌తో ఒత్తిడి పెంచి, వెనక నాజిల్‌లోంచి చిమ్ముతుంది. ఆ తోపుకి ముందుకు ఉరుకుతుంది. న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచుకునే బిల్ హామిల్టన్ అనే ఇంజనీరు రైతు 1950ల్లో దీన్ని దారిలో పెట్టాడు. తన ప్రాంతంలోని గులకరాళ్ల ఏళ్లలో, మోకాలి లోతు కూడా లేని పాయల్లో ఎదురెక్కడం ఆయనకు కావలసింది. అంటే మేటల కోసం, లోతులేని నీళ్ల కోసం పుట్టిన పడవే ఇది. చిక్కల్లా ఒక్కటే. నీటితో పాటు నీటిలో ఉన్నదంతా మింగుతుంది. లోతు తగ్గేకొద్దీ అడుగు బురదని ఎక్కువగా మింగుతుంది. కొన్నవాడు దాని కడుపు సంగతి చూసుకోవాలి.

కొన్నవాడికి ముందు ప్రారంభోత్సవం సంగతి చూసుకోవాల్సి ఉంటుంది. షామియానా వేస్తారు. ఫ్లెక్సీ మీద బోటు కంటే పెద్దగా నాయకుడి ముఖం ఉంటుంది. కొబ్బరికాయలకి కోనసీమలో లోటేమిటి, గంపెడు వస్తాయి. బోటు ముక్కు మీద కొట్టేసరికి రంగు లేచిపోతుంది, అదే మొదటి మరమ్మతు. ముఖ్య అతిథి లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఫొటో అయ్యేదాకా స్టీరింగు పట్టుకుని, ఫొటో అయ్యాక దిగిపోతాడు. బోటు ఖరీదుకి పద్దు ఉంది. శిలాఫలకానికి పద్దు ఉంది. డీజిలుకి పద్దు ఉంది, దాన్ని బోటు తాగకపోయినా ఎవరో ఒకరు తాగుతారు. గ్రీజుకి పద్దు లేదు. అడిగితే “ఇతర ఖర్చుల్లో సర్దుకోండి” అంటారు. ఇతర ఖర్చులు అప్పటికే దండలుగా, శాలువాలుగా, సమోసాలుగా సర్దుకుపోయి ఉంటాయి.

ఇంతకీ బేరింగంటే ఏమిటి, దానికి కావలసిందేమిటి? మంత్రిత్వ శాఖలకు అర్థం కానంత విద్యేమీ కాదిది. జెట్ పంపులో ఇంజను తిప్పే షాఫ్ట్‌ని రెండు చోట్ల పట్టుకోవాలి. ముందు వైపు, పడవ లోపల, తోపునంతా మోసే బేరింగు ఒకటి. నీటిని వెనక్కి చిమ్మితే పడవ ముందుకెళ్లే బలమంతా దాని భుజం మీదుగానే వెళుతుంది. దానికి గ్రీజో నూనో కావాలి, నీరు తగలకుండా సీలు కావాలి. వెనక వైపు, నీళ్లలోనే మునిగుండేది రెండోది. చాలా రకాల్లో అది గాడులున్న రబ్బరు బుష్. దానికి గ్రీజు అక్కర్లేదు, పారే నీరే దానికి నూనె. నీటితో వచ్చిన ఒండ్రు రేణువు మెత్తని రబ్బరులోకి కొంచెం దిగి, దొర్లి, గాడిలో పడి, నీటితో బయటికి పోతుంది. బురద నీళ్లలో తిరగడానికే చేసిన ఏర్పాటది.

ఇక ఒండ్రు ఏం చేస్తుందో చూద్దాం. అందులో ఉన్న సన్న ఇసుక చాలావరకు పలుగురాయి పొడి. గట్టిదనంలో అది మామూలు ఇనుము కంటే పైమెట్టు మీద ఉంటుంది. ముందు బేరింగు సీలు అంచుకింద ఒక్క పొర చేరినా చాలు, తిరిగే షాఫ్ట్ మీద సన్నటి గాడి తీస్తుంది. ఆ గాడిలోంచి నీరు దిగుతుంది. నీరు దిగిన గ్రీజు తెల్లబడి, పలచబడి, పట్టు వదిలేస్తుంది. లోపలి ఉక్కు గుండ్లకి తుప్పు మచ్చలు పడతాయి. మచ్చపడ్డ గుండు తిరిగినప్పుడల్లా తాను తిరిగే దారిని గీస్తుంది. మొదట చిన్న రొద, తర్వాత వేడి, ఆ తర్వాత షాఫ్ట్ ఊగడం. షాఫ్ట్ ఊగితే ఇంపెల్లర్ గూటిని రాసుకుంటుంది. రాసుకుంటే సందు పెరుగుతుంది. సందు పెరిగితే ఇంజను అరుపు పెరిగి పడవ వేగం తగ్గుతుంది. మన పరిపాలనలో చాలా శాఖలు చేరుకున్న దశ ఇదే, కనుక ఆ చప్పుడు ఎవరికీ కొత్తగా అనిపించదు.

ఒండ్రుకి ఇంత బలం ఉంటే మరి దాని మీద నేరం మోపడంలో తప్పేముంది అంటారా? తప్పేమిటంటే, ఈ కేసు ఎప్పుడో తేలిపోయింది. లండన్ ఇంజనీరు జాన్ పెన్ 1854లోనే ఓడల షాఫ్టులకి నీటితోనే తడిసే గట్టి చెక్క బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో కాలిఫోర్నియాలో షేర్‌వుడ్ అనే గని ఇంజనీరు, ఇసుక నీళ్లు తోడే పంపు బేరింగులు మాటిమాటికీ అరిగిపోతుంటే విసిగి, రబ్బరు గొట్టం ముక్క తెచ్చి పెట్టాడు. అది నిలబడింది. అక్కణ్నించి వచ్చినదే పడవల్లో ఇవాళ వాడుతున్న రబ్బరు బుష్. అంటే బురద నీటి బాధలోంచే పుట్టిన మందు, వందేళ్ల నాటిది. 1960లో హామిల్టన్ జెట్ బోట్లు అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్‌ని ఎదురెక్కాయి. కొలరాడో మంచినీళ్ల కుండేమీ కాదు, అదీ ఎర్రగా పారేదే. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1977లో మూడు జెట్ బోట్లతో బంగాళాఖాతం నుంచి బయల్దేరి, వానాకాలపు గంగకి ఎదురీది, నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా వెళ్లాడు. గంగ ఒండ్రు సంగతి ఎవరికి తెలియదు? ఆ బోట్లకి అడ్డొచ్చింది కొండ. మన బోటు రేవు దాటకుండా అడ్డొచ్చేది లాగ్‌బుక్కు.

అంత దూరం ఎందుకు, ఓడలరేవు రేవులోకి వెళ్లి చూడండి. గట్టుకి లాగిన ఫైబర్ పడవ దగ్గర సరంగు ఒకాయన కూర్చుని ఉంటాడు. ముందు కిరసనాయిల్‌లో ముంచిన గుడ్డముక్కతో గ్రీజు ఎక్కించే నిప్పిలు తుడుస్తాడు, దాని నోట్లో చిన్న ఉక్కు గుండు మెరిసేదాకా. తర్వాత గ్రీజు గన్ను తగిలించి మెల్లగా నొక్కుతాడు. కళాసీ కుర్రాడు చేత్తో షాఫ్ట్‌ని తిప్పుతుంటాడు, గ్రీజు బుష్ చుట్టూ సమంగా పాకాలని. బుష్ అంచునుంచి మొదట బూడిదరంగు ముద్ద బయటికొస్తుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాడు. గరగరలాడితే తుడిచేసి మళ్లీ నొక్కుతాడు. బూడిదరంగు పోయి డబ్బాలో ఉన్న రంగే బయటికొచ్చి, వేళ్ల మధ్య నున్నగా జారితే అప్పుడు ఆపుతాడు. ఆ గ్రీజు రెండు పనులు చేసింది. లోపల జారుడునిచ్చింది, లోపలున్న ఒండ్రుని బయటికి నెట్టి గుమ్మం దగ్గర తానే కాపలా కూర్చుంది. ఆయన ఏ కంపెనీ పుస్తకమూ చదవలేదు. అడిగితే “ఆయ్, గ్రీజు ఎట్టకపోతే ఏరేం సేత్తాదండి? మన పని మనం సేసుకోవాలి గానీ!” అంటాడు. పడవ ఆయనది. చెడితే పూటకూడు పోయేది ఆయనది.

ఆఫీసు బోటు ఎవరిదీ కాదు గనుక దానికి వేరే శాస్త్రముంది. ఎక్కడా అచ్చు కాలేదు గానీ రాష్ట్రమంతటా తు.చ. తప్పకుండా అమలవుతోంది. ప్రజల సౌకర్యార్థం ఆ నిబంధనలు కింద ఇస్తున్నాను.

ఒకటి: బోటును ఏట్లోంచి తీశాక మంచినీటితో కడగరాదు. మొగ దగ్గర పోటుకి ఉప్పునీరు ఎక్కుతుంది, పాటుకి ఒండ్రునీరు దిగుతుంది. కడిగితే రెండూ పోతాయి. కడగకపోతే ఉప్పు లోహాన్ని కొరుకుతుంది, ఒండ్రు ఇంపెల్లర్ గూట్లో అడుక్కి దిగి ఎండి గట్టిపడుతుంది. మళ్లీ ఇంజను స్టార్ట్ చేసిన రోజున షాఫ్ట్‌ని మొదట పలకరించేది అదే.

రెండు: గన్ను పెట్టేముందు నిప్పిలు తుడవరాదు. ఒండ్రు తనంతట తాను సీలు దాటి లోపలికి పోవాలంటే చాలాకాలం పడుతుంది. తుడవని నిప్పిలు మీద గన్ను పెట్టి నొక్కితే క్షణంలో పోతుంది. ప్రభుత్వ పనులు వేగంగా జరగవన్న అపవాదు ఈ ఒక్కచోట తొలగుతుంది.

మూడు: ఏ గ్రీజు దొరికితే ఆ గ్రీజే పెట్టవలెను. లిథియం గ్రీజు ఉన్నచోట పాలియూరియా గ్రీజు ఎక్కిస్తే రెండూ పొసగక మెత్తబడి కారిపోవచ్చు. కారిన గ్రీజు నేల మీద కనిపిస్తుంది గనుక, పెట్టినట్టు రుజువు కూడా దొరుకుతుంది. నీళ్లలో పనికి కాల్షియం సల్ఫొనేట్ రకం మేలని తెలిసినవాళ్లు చెబుతారు. ఏది వాడాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, పుస్తకం బీరువాలో ఉంటుంది, బీరువా తాళం బదిలీ అయిపోయినాయన దగ్గర ఉంటుంది.

నాలుగు: ఆర్నెల్లు ఏమీ పెట్టక, తనిఖీ ముందురోజు డబ్బా మొత్తం ఎక్కించవలెను. గుండ్ల బేరింగులో అతిగా కుక్కిన గ్రీజు చిలుకుడు పడి వేడెక్కుతుంది. గన్ను ఒత్తిడికి సీలు పెదవి వెనక్కి మడతపడుతుంది. అలా ఒండ్రుకి తలుపు తెరిచి, కాపలాదారుకి సెలవిచ్చినట్టవుతుంది.

అయిదు: గ్రీజు అక్కర్లేని రబ్బరు బుష్‌కి దండిగా పూయవలెను. అవసరమున్న ముందు బేరింగు పడవ లోపల మూలన, చెక్క తీస్తే గానీ కనపడని చోట ఉంటుంది గనుక దాని జోలికి పోరాదు. అడగనివాడికి ఇవ్వడం, అడిగినవాణ్ని తిప్పడం మన సంక్షేమ విధానంలో భాగమే.

ఆరు: ముఖ్య అతిథి వచ్చినప్పుడు బోటును గట్టు మీద ట్రాలీ పైనే స్టార్ట్ చేసి చప్పుడు వినిపించవలెను. నీరే నూనె అయిన బుష్ నీరు లేకుండా తిరిగితే కొద్దిసేపట్లోనే రబ్బరు మాడుతుంది. ఆ వాసనని ప్రారంభోత్సవపు సాంబ్రాణిగా స్వీకరించవలెను.

ఏడు: బేరింగులు అతి తక్కువ కొటేషన్ ఇచ్చినవాడి దగ్గరే కొనవలెను. డబ్బా మీద పేరు పెద్ద కంపెనీదే ఉంటుంది, అచ్చులో ఒక అక్షరం అటూ ఇటూ. లోపలి ఉక్కు మాత్రం తన జన్మస్థలం చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది.

ఎనిమిది: లాగ్‌బుక్కును ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఏడాది చివర ఒకే విడతలో రాయవలెను. తొందరలో ఫిబ్రవరి 30న కూడా సర్వీసు చేసినట్టు రాసినా ఫర్వాలేదు, ఆడిటరు చూసేది సంతకాలనే.

ఈ ఎనిమిది నిబంధనలూ పాటించాక గోదావరి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. బోటు విషయంలోనూ మూడు హెచ్చరికలుంటాయి. మొదటి హెచ్చరికకి బోటు ఎక్కడుందో వెతుకుతారు. రెండో హెచ్చరికకి టార్పాలిన్ తీసి, లోపల కాపురముంటున్న కోళ్లని దింపుతారు. మూడో హెచ్చరికకి గ్రీజు గుర్తొస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగినప్పుడు ఈ హంగులేవీ లేవు, నాటు పడవలున్నాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటి లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడూ ఇంటింటికీ బియ్యం, మంచినీళ్లు మోసినవాటిలో మత్స్యకారుల పడవలూ ఉన్నాయి. ఆ పడవల షాఫ్టులూ అదే ఎర్రనీళ్లలో తిరిగాయి. అదే ఒండ్రు. వాటిని మాత్రం వదిలేసి ఆఫీసు బోటునే ఎంచి పట్టుకునేంత పక్షపాతం ఒండ్రుకి ఎందుకుంటుంది?

వరద తీశాక నివేదిక వెళుతుంది. అందులో ఒండ్రే ముద్దాయి. కొత్త యూనిట్ మంజూరవుతుంది. ఇందులో అమాయకత్వం ఉందనుకుంటే పొరపాటు. డబ్బా గ్రీజు కొంటే ఎవరికేం మిగులుతుంది? బిల్లు వందల్లో ఉంటుంది, అందులో వాటా ఎవడూ అడగడు. గ్రీజు పెడుతుండగా ఫొటో తీసి పేపరుకి పంపినవాడు లేడు. “పోయిన ఏడాది ఈ బోటు చెడలేదు” అని శిలాఫలకం వేయించుకున్నవాడూ లేడు. చెడని యంత్రం ఎవరికీ పేరు తెచ్చిపెట్టదు. చెడిపోయిన యంత్రం ముగ్గురికి అన్నం పెడుతుంది: తెప్పించినవాడికి, తిప్పి పంపినవాడికి, మళ్లీ తెప్పించేవాడికి. బేరింగు ఆయువు ఇంత త్వరగా ఎందుకు తీరుతోందో తెలుసుకోవాలంటే గ్రీజు డబ్బా మూత కాదు, బిల్లుల కట్ట విప్పాలి.

బోటు ఒక్కటే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర ఒక కారణం, మురుగు దిగని చేలు మరో కారణం. డ్రెయిన్లు పూడిపోయాయి, సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కమిటీ వచ్చింది, చూసింది, రాసింది. 2022లో మళ్లీ కోనసీమలో పంట విరామం మాట వినిపించింది, కారణాల్లో మళ్లీ అదే పూడిక. పూడిక ఒండ్రు తప్పైతే, తీయకపోవడం ఎవరి తప్పు? కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యింది. గోదావరి ఒండ్రు తెస్తుందని ఆ లెక్కలో ముందే ఉంది గనుకనే, వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేసుకునే పద్ధతి డెల్టాలో నిలిచింది. వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు కమానులు ఒకటిన్నర శతాబ్దం పాటు వరదలు మోశాయి. కట్టినవాళ్లు వెళ్లిపోయినా, ఏటా చూసుకునే చేతులు కొంతకాలం ఉన్నాయి. మనం కట్టడాన్ని ఉంచుకుని చేతుల్ని వదిలేశాం.

ఇక్కడ వ్యంగ్యం కాసేపు ఆపాలి. వైనతేయ అవతలి గట్టున మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపు పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. తడిలేని గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు పారిందని, లోపల తుప్పు పట్టిందని, అంతకు ముందొచ్చిన లీకులకి అతుకులు వేసి సరిపెట్టారని ఆ తర్వాత విచారణలో తేలింది. అక్కడ ఒండ్రు లేదు, నింద మోయడానికి నది లేదు. ఉన్నది ఒక్కటే: చిన్న మరమ్మతుని రేపటికి నెట్టడం. బేరింగు దగ్గర అది బోటు ఖరీదు. పైపు దగ్గర ఊరి ఖరీదు. చేసిన చేయి ఒకటే, చేయని పనీ ఒకటే.

ఇక మన వంతు. ఆఫీసుని తిట్టి ఇంటికొచ్చి మనమేం చేస్తున్నాం? రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటరు నడిపే రైతు రాత్రి రెండింటికి కూడా చప్పుడు తేడా విని లేస్తాడు. ఎందుకంటే అది ఆగితే తెల్లారేసరికి రొయ్యలు పోతాయి. ఆ రైతే పంచాయతీ మోటారు మూడు వారాలుగా కీచుమంటుంటే “వాళ్లు చూసుకుంటారులే” అని పక్కనుంచి పోతాడు. దసరాకి ఆయుధపూజ చేస్తాం. పంపు కడుగుతాం, బొట్టు పెడతాం, నిమ్మకాయ కడతాం, పూలదండ వేస్తాం. నిప్పిలు నోట్లో పసుపూ కుంకుమా కూరుకుపోయి, మర్నాడు ఎవడైనా పొరపాటున గ్రీజు పెట్టాలని వచ్చినా గన్ను ఎక్కదు. దేవుడు అడిగిందేమిటో తెలియదు గానీ బేరింగు అడిగింది ఆ పసుపు కాదు. ప్రారంభోత్సవ భోజనాలకి వెళ్లినవాళ్లలో “సార్, దీనికి గ్రీజు ఎవరు పెడతారు?” అని అడిగినవాడు ఇంతవరకూ కనపడలేదు. అడిగితే వడ్డన ఆగుతుందన్న భయం కాబోలు.

కనుక కోనసీమ ప్రజానీకానికి నా మనవి ఇది. ఈసారి ఏ యంత్రం వచ్చినా, అది బోటు కానీ, డ్రెయిన్ షట్టరు కానీ, మంచినీటి పంపు కానీ, శిలాఫలకం పక్కన ఒక నల్లబల్ల కూడా బిగించమనండి. ఎవరు ప్రారంభించారో దాని మీద అక్కర్లేదు, ఆ సంగతి రాతి మీద చెక్కుతారు. నల్లబల్ల మీద మూడు గడులు చాలు. చివరిసారి గ్రీజు పెట్టిన తేదీ. పెట్టినవాడి పేరు. మళ్లీ పెట్టాల్సిన తేదీ. సుద్దముక్కతో రాయాలి, చెరిపి మళ్లీ రాయాలి. గడువు దాటితే ఊళ్లో ఎవరైనా ఎర్రసుద్దతో సున్నా చుట్టొచ్చు. బడ్జెట్లో “గ్రీజు” అనే పద్దు ఆ పేరుతోనే ఉండాలి, “ఇతర ఖర్చులు” అన్న ముసుగులో కాదు. ఒండ్రు మీద నింద మోపుతూ నివేదిక రాసే అధికారి దానికి లాగ్‌బుక్కు, గ్రీజు కొన్న బిల్లు, తీసిన పాత సీలు జత చేయాలి. సీలు మీద గీత చూస్తే ఒండ్రు ఎలా లోపలికి వెళ్లిందో లేత్ పనివాడు చెబుతాడు. అంతకు ముందు ఆర్నెల్లు ఎవరు ఎక్కడున్నారో హాజరుపట్టీ చెబుతుంది.

ఆ నల్లబల్ల పెట్టడానికి ఒప్పుకోని నాయకుడికి కత్తెర ఇవ్వకండి. రిబ్బను ముడి అలాగే ఉంచండి. ముడి విప్పే హక్కు గ్రీజు గన్ను పట్టుకొచ్చినవాడిదని తీర్మానించండి. అప్పుడు చూద్దాం, ఈ జిల్లాలో ప్రారంభోత్సవాలు ఎన్ని మిగులుతాయో, బేరింగులు ఎన్ని మిగులుతాయో.